గొంతు పోకముందు ఇరవై రోజులు

మా సైన్స్ సారు చనిపోయారన్న కబురు మొన్న ఉదయం ప్రార్థన వేళ బడికి వచ్చింది. ఫోను పెట్టేసి వరండాలోకి వచ్చిన హెడ్మాస్టరు నావైపే చూశారు. పిల్లలకు ఎలా చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. చివరికి నేనే చెప్పాను. పదో తరగతి వరసలో ఆడపిల్లలు ఉన్నచోటే కూలబడిపోయారు.

దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఆశ్రమ పాఠశాల. లెక్కలు చెప్పడానికి నేను చేరేనాటికే ఆయనకు అక్కడ ఎనిమిదేళ్లు నిండాయి. ఇల్లందు గని కార్మికుడి కొడుకు. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో కోయ మాట్లాడతారు. పుస్తకంలోని తెలుగు వాళ్లకు కొరుకుడుపడదు. ఆయన వాళ్ల దగ్గరే కోయ నేర్చుకుని, వచ్చీరాని ఆ భాషలోనే కాంతి పాఠం చెప్పేవారు. పిల్లలు నవ్వితే ఆగి, సరైన మాట అడిగి, బోర్డు మూలన రాసుకునేవారు. "అర్థం కాలేదంటే సిగ్గేంది? అర్థమైందని అబద్ధం చెప్పుడు సిగ్గు" అనేవారు. నాకు పాఠం చెప్పడం వచ్చిందంటే ఆయన క్లాసు కిటికీ పక్కన నిలబడి విన్నందువల్లే.

నిరుడు దసరా సెలవుల తర్వాత ఆయన గొంతు బొంగురుపోయింది. సుద్దపొడి వల్ల అనుకున్నాం. హైదరాబాద్ దవాఖానాలో క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేయాలి, ఆలస్యం వద్దన్నారు. ఆయన బదులు ఇంకొకరిని పంపమని పై ఆఫీసుకు ఉత్తరాలు రాశాం. నేను వెళ్లి అడిగాను కూడా. సైన్స్ చెప్పేవాళ్లు లేరన్నారు.

మర్నాడు ఆయన కొత్త సెల్‌ఫోను తెచ్చారు. మా బడి దగ్గర సిగ్నలే ఉండదు. కానీ అందులో మాటలు రికార్డు చేయవచ్చు.

"మేడమ్, ఒక్క ఇరవై రోజులు. ఉన్న పాఠాలన్నీ దీంట్ల పెట్టి పోతా. మీరు పట్టుకుంటే చాలు."

వద్దనాల్సింది. నేను ఫోను పట్టుకున్నాను.

బియ్యం బస్తాల గదిలో తలుపు మూసుకుని రికార్డు చేసేవాళ్లం. నాలుగు వాక్యాలకోసారి దగ్గు తెర. దగ్గిన చోట మళ్లీ మొదలు. మెమరీ కార్డు నిండితే ఏ పాఠం చెరపాలో తోచక ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం. పన్నెండో రోజుకు ఆయన మంచినీళ్లు కూడా సరిగా మింగలేకపోయారు.

పద్నాలుగో రోజు ఆయన భార్య ఇల్లందు నుంచి వచ్చింది. నన్ను పక్కకు పిలిచి, గొంతు పెంచకుండానే అడిగింది.

"టీచరమ్మా, పాఠమైపోవుడు ముఖ్యమా, మనిషి ఉండుడు ముఖ్యమా? నువ్వన్న చెప్పరాదు ఆయనకు."

చెప్తానన్నాను. చెప్పాను కూడా, సగం మనసుతో. విద్యుత్తు పాఠం ఇంకా మిగిలే ఉంది. ఆ సగం మనసును నేను ఈరోజుకీ క్షమించుకోలేను.

ఇరవై రోజులూ నిండాకే ఆయన హైదరాబాద్ వెళ్లారు. ఆపరేషన్ అయ్యాక, ఫిబ్రవరిలో, మెడకు తువ్వాలు చుట్టుకుని ఆయన క్లాసుకు వచ్చారు. ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి బల్ల మీద పెట్టారు. అందులోంచి ఆయన గొంతు వస్తుంటే ఆయన బోర్డు మీద బొమ్మలు గీసేవారు. "వెనక బెంచీ, వింటున్రా?" అని ఫోను అడిగితే పిల్లలు ఆయన మొహం చూసి "అవ్ సార్" అనేవారు.

ఒకరోజు ఒక అమ్మాయి లేచి అర్థం కాలేదంది. ఆయన ఫోను ఆపి, అలవాటుగా నోరు తెరిచారు. పెదవులు కదిలాయి, అంతే. తర్వాత కోయలో జవాబును తెలుగు అక్షరాలతో బోర్డు నిండా రాశారు. ఆ అమ్మాయే దాన్ని క్లాసుకు చదివి వినిపించింది.

ఆ ఏడు పరీక్షలో చాలామంది గట్టెక్కారు. ఆ అమ్మాయి సైన్సులోనే తప్పింది. వేసవిలో జబ్బు ఆయన ఊపిరితిత్తులకు పాకింది. ఆ ఇరవై రోజులు ముందే వెళ్లి ఉంటే బతికేవారా అని డాక్టరును అడిగాను. చెప్పలేమన్నాడు.

మొన్న కబురు విన్నాక బయల్దేరి ఇల్లందులో ఆయన ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆయన భార్య ఎదుటపడే ధైర్యం లేక గడప దగ్గరే ఆగాను. ఆమె లేచి వచ్చి, నా మణికట్టు పట్టుకుని, లోపల చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. చెయ్యి వదల్లేదు. బయట పొద్దుటి షిఫ్టు వదిలినట్టుంది. బొగ్గు మసి ఇంకా కడగని మొహాలతో గని మనుషులు ఒక్కొక్కరే వచ్చి, వాకిట్లో బూట్లు విడిచి, తల వంచుకుని లోపలికి వస్తున్నారు.