డ్రాగన్ అనడానికి పట్టే సమయం

నాకు చిన్నప్పటి నుంచీ నత్తి. కొన్ని అక్షరాల దగ్గర, ముఖ్యంగా "డ" దగ్గర, నాలుక మొరాయిస్తుంది. అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అపార్ట్‌మెంట్స్ క్లబ్‌హౌస్‌లో శనివారం మధ్యాహ్నాలు ఆడే కార్డుల ఆటలో అన్నిటికంటే పెద్ద కార్డు డ్రాగన్.

ఆట సులువే. కార్డు బోర్లా పెట్టి, అది డ్రాగనో మంత్రగత్తో మరుగుజ్జో పేరు చెప్పాలి. నిజం చెప్పొచ్చు, బొంకొచ్చు. ఎవరూ "బ్లఫ్" అనకపోతే చెప్పిన పేరే చెల్లుతుంది, పెద్ద పేరుదే గెలుపు; బొంకు దొరికితే కార్డు పోతుంది. చిక్కంతా రూల్ బుక్‌లోని ఒక్క వాక్యంతో వచ్చింది: పేరు చెప్పేటప్పుడు తటపటాయిస్తే బ్లఫ్ దొరికినట్టే.

మొదటి రోజు నేను నిజంగా డ్రాగన్‌నే పెట్టి, "డ... డ..." అంటూ ఆగిపోయాను. రూల్ బుక్ ఒళ్లో పెట్టుకుని ఆడించే పక్క బ్లాక్ అమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన కాలేజీ పిల్ల, ఇబ్బందిగా చూసింది.

"సారీ ఆంటీ, పాజ్ వచ్చింది. రూల్ ప్రకారం బ్లఫ్ అయిపోయింది."

తిప్పి చూపించాను. అయినా కార్డు పోయింది. మూడు వారాలు అదే వరస. "ఈ ఆట వదిలేసి ఇంకేదైనా ఆడదాంలే," అన్నాడు మా ఆయన. నాకు ఒళ్లు మండింది.

ఆఫీసులో నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండు అర్థాలొచ్చే వాక్యం కనిపిస్తే రాసినవాళ్లను వదిలిపెట్టను. రూల్ బుక్ మొత్తం చదివాను. తటపటాయించడమంటే ఏమిటో ఎక్కడా లేదు. ఆట తయారుచేసినవాళ్లకు మెయిల్ మొదలుపెట్టాను. "మా ఫ్రెండ్‌కి నత్తి" అని రాసి, కొట్టేసి, "నాకు నత్తి" అని రాసి పంపాను. ఆ మాట అంత సూటిగా అంతకుముందు ఎవరికీ రాయలేదు.

నాలుగో రోజు జవాబొచ్చింది. తటపటాయించడమంటే ఒక పేరు మొదలుపెట్టి ఇంకో పేరుకు మారడమేనట. మొదలుపెట్టిన పేరు ముగించడానికి ఎంతసేపు పట్టినా చెల్లుతుందట. తర్వాతి ముద్రణలో ఆ వాక్యం మారుస్తామని కూడా రాశారు. వంటింట్లో నిలబడి రెండుసార్లు చదువుకున్నాను.

శనివారం ఆ మెయిల్ చూపిస్తే అమ్మాయి అందరికీ వినపడేలా చదివింది. పెన్ను తీసి పుస్తకంలో ఆ వాక్యం కొట్టేసి, పక్కన కొత్తది రాసింది.

"ఇన్నాళ్లూ రాంగ్‌గా ఆడించాను ఆంటీ. ఐ యామ్ సో సారీ."

"సారీ ఎందుకమ్మా, కార్డులు పంచు," అన్నాను.

చివరి రౌండ్‌కి నా చేతిలో ఒక్క మరుగుజ్జు మిగిలింది. బోర్లా పెట్టాను.

"డ... డ... డ..." తొందరపడలేదు. నా బదులు ఎవరూ మాట పూర్తి చేయలేదు. "డ్రాగన్."

అమ్మాయి నా కళ్లలోకి చాలాసేపు చూసింది. "ఓకే, నమ్ముతున్నా," అంది. మా ఆయనా తలూపాడు. ఆట నాదైంది. అప్పుడు కార్డు తిప్పాను.

"ఆంటీ! యూ లైడ్!" అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది.

"పదకొండేళ్ల కాపురం! నాకే తెలీలేదే!" అని మా ఆయన తల పట్టుకున్నాడు.

కడుపు పట్టుకుని నవ్వాను. ఆ మధ్యాహ్నం వరసగా మరో రెండు ఆటలు గెలిచాను, రెండో దాంట్లో నిజం చెప్పి.