మూడు మిల్లీమీటర్ల ఎడం

ఎవరినైనా నా ముందు మెచ్చుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ సంగతి నా భార్యకు తెలుసు. ఇంట్లోకి అడుగు పెట్టగానే నా చెవులు చూసి, "ఏటి, ఇయేళ ఎవుల్ని పొగిడినారు?" అంటుంది. ఈ కథలో ఆమె ఆ మాట కనీసం పదిసార్లు అడిగి ఉంటుంది.

కలకత్తా భవానీపూర్‌లో ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం నాది. ఆదివారం చర్చి అయ్యాక మాత్రం నేను బొమ్మరైళ్ళ మనిషిని. పిల్లలు తాడు కట్టి లాగే రైళ్ళు కావు. అసలు రైలును నూట అరవయ్యో వంతుకు తగ్గిస్తే ఎంతుంటుందో అంతే ఉంటాయి మావి. పట్టాకూ పట్టాకూ మధ్య తొమ్మిది మిల్లీమీటర్లు. మనిషి నా చిటికెన వేలి గోరంత ఉంటాడు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళం ఊరు మొత్తం మీద పదిహేను మందిమి. మాకో క్లబ్బు, దానికో సెక్రటరీ. ఆయన రిటైరైన బడి మాస్టారు, అందరికీ దాదా, అంటే బెంగాలీలో అన్న.

కలకత్తా ఇళ్ళల్లో గది నిండా రైలుమార్గం పరుచుకునే చోటు ఎవరికుంటుంది? అందుకని ఒక్కొక్కరం బల్ల మీద పట్టేంత పెట్టె ఒకటి చేసుకుంటాం. పెట్టె పైన పట్టాలు, ఇళ్ళు, చెట్లు, మనుషులు. ఏడాదికోసారి చర్చి హాల్లో బల్లలు వరసగా వేసి, పెట్టెలన్నీ పక్కపక్కన చేర్చి, పట్టాల కొసలు కలిపేస్తాం. గోడ నుంచి తలుపు దాకా పొడవాటి మార్గం తయారవుతుంది. ఒకరు కట్టిన ఊళ్ళో బయల్దేరిన రైలు ఇంకొకరు కట్టిన ఊళ్ళోకి వెళ్తుంది. దీనికంతటికీ షరతు ఒక్కటే. పెట్టె అంచు దగ్గర రెండు లైన్ల మధ్య ఎడం అందరికీ ఒకటే ఉండాలి.

ఆ ఎడం స్కేలుతో కొలవడం మా దగ్గర నిషేధం. స్కేలు పట్టిన ప్రతివాడూ వెంట్రుకవాసి అటో ఇటో చూస్తాడు. మాకు ఒక కొలత చెక్క ఉంది. అరచేతి పొడవు టేకు ముక్క, దానికి గాడులు. పెట్టె అంచున ఆనించి, పట్టాలు గాడుల్లో కూర్చోబెట్టి, చిన్న మేకులు కొట్టుకోవాలి. అది చేసింది నేనే, ఉండేదీ నా దగ్గరే. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు మిష్టి, అంటే మిఠాయి, పొట్లంతో మా ఇంటికి వచ్చి, చెక్క పట్టుకెళ్ళి, పనయ్యాక తిరిగివ్వాలి. ఎవరు పెట్టారో గాని మంచి ఆచారం. పదిహేనేళ్ళుగా ఆ సందేశ్‌లూ రసగుల్లాలూ నేనే తింటున్నాను.

నా పెట్టె మీద ఉన్నది ఖిదిర్‌పూర్ డాక్, ఓడలు ఆగే రేవు. మా తాత శ్రీకాకుళం నుంచి మూటలు మొయ్యడానికి అక్కడికే వచ్చాడు. నాన్న డాక్ రైల్వేలో రైళ్ళు లైను మారడానికి పాయింట్లు మార్చేవాడు. ఫ్రేములు కోయగా మిగిలిన ముక్కలతో గోదాములు కట్టాను, ఒక క్రేను నిలబెట్టాను, జెట్టీ వైపు పోయే రెండు లైన్లు వేశాను. ప్రదర్శనలో ఆ పెట్టె వరసకు చివర, తలుపు పక్కన ఉంటుంది. లోపలికి వచ్చినవాళ్ళకు మొదట కనపడేది నా డాకే. అది నా చోటు అని ఎక్కడా రాసుకోలేదు. ఎవరూ అడగలేదు కూడా.

నిరుడు వానాకాలంలో ఒకడొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. వరంగల్ వైపువాడు, న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం, ఈ ఊరికొచ్చి మూడేళ్ళు. దాదా ఎంతో సంబరంగా నా దగ్గరికి తీసుకొచ్చి, "ఇదిగో, మీ తెలుగువాడే!" అన్నాడు. వాడు చేతులు జోడించి "నమస్తే అంకుల్" అన్నాడు. నాకు యాభై రెండు.

"అన్నా అను చాలు," అన్నాను. నవ్వుతూనే అన్నాననుకుంటా.

రెండు వారాల తరవాత వాడు తను చేస్తున్న స్టేషన్‌ను చెప్పుల అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చి క్లబ్బు బల్ల మీద పెట్టాడు. గంగ ఒడ్డున, ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైలు ఆగే చిన్న స్టేషన్. రేకుల కప్పు మీద తుప్పు. ప్లాట్‌ఫారం మీద అప్పుడే వాన కురిసి వెలిసినట్టు తడి మరకలు, వార్నిష్‌తో వేసినవి. బెంచీ కింద ముడుచుకు పడుకున్న కుక్క. గేటు కమ్మీల మీద ఎవరిదో లుంగీ ఆరేసి ఉంది. వాడు వైరు కలిపేసరికి కప్పు కింద ట్యూబ్‌లైటు వెలిగింది. వెలిగి ఊరుకోలేదు, టపటపమని కొట్టుకుని, ఒకసారి ఆరి, మళ్ళీ వెలిగింది. అచ్చం అక్కడి ట్యూబ్‌లైటు లాగే. నేను పుట్టి పెరిగిన ఊరది. ఆ ప్లాట్‌ఫారం మీద కొన్ని వందలసార్లు నిలబడ్డాను. ఆ లుంగీ నేనెప్పుడూ చూడలేదు. మొన్న మొన్న వచ్చినవాడు చూశాడు.

"దారుణ్! దారుణ్!" అన్నాడు దాదా. బెంగాలీలో ఆ మాటకు అద్భుతం అని అర్థం. ఆ పూట నాకు మాత్రం అది తెలుగులోనే వినపడింది. అందరూ తలో మాటా అన్నారు. నా వంతు వచ్చింది. వాడు నా మొహంలోకి చూస్తున్నాడు. ఒక్క మాట, బాగుంది అంటే సరిపోయేది.

"ప్లాట్‌ఫారం కొంచిం ఎత్తయినట్టుంది," అన్నాను. ఎత్తు కాలేదు. సరిగ్గా ఉంది.

"చూస్త అన్నా," అన్నాడు వాడు బుద్ధిగా, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకుంటూ.

వెళ్ళేటప్పుడు దాదా నన్ను పక్కకు పిలిచాడు. ఈసారి తలుపు దగ్గర స్టేషన్ పెడదామని, లోపలికి రాగానే ఆ లైటు కనిపిస్తే జనం ఆగిపోతారని, నా డాకును అటు చివర గోడ దగ్గరికి జరుపుదామని. గోడ దగ్గరంటే టీ బల్ల వెనకాల. కప్పులు కడిగే బక్కెట్టు ఉండే చోటు. "నీకేం అభ్యంతరం లేదు కదా?" అని అడిగాడు. నాకెందుకుంటుంది అన్నాను. ఆ రోజు అన్నం సగంలో వదిలేసి లేచాను. నా భార్య ఈసారి నా చెవుల వైపు కూడా చూడలేదు. "కుర్రోడి మీద కోపం అన్నం మీద సూపిత్తే ఏటొస్తాది?" అని కంచం తీసేసింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఇంట్లో కొలత చెక్కలు రెండున్నాయి. మొదట్లో రెండు లైన్ల మధ్య ఎడం ముప్ఫై మిల్లీమీటర్లు ఉండేది. పొడవాటి బోగీలు వంపుల్లో ఎదురుపడితే ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయని ఆరేళ్ళ క్రితం ముప్ఫై మూడు చేశాం. అందరూ తమ పెట్టెలు సరిచేసుకున్నారు. నేను కొత్త చెక్క చేశాను. టేకు ముక్క పారెయ్యడానికి చేతులు రాక పాతది సొరుగులో పడేశాను. వెనక పెన్సిలుతో "పాత" అని రాసి పెట్టాను.

వాడు చెక్క కోసం ఆదివారం మధ్యాహ్నం వస్తానన్నాడు. ఆ పొద్దున నేను గరుకు కాగితంతో ఆ అక్షరాలు అరగదీశాను. పొరపాటున జరిగిందని చెప్పుకోవడానికి లేదు.

వాడు సందేశ్ పొట్లంతో వచ్చాడు. నా భార్య టీ ఇచ్చింది. ఇల్లంతా కలయజూసి, "ఆఫీసుల ఎవ్వరికీ ఈ పిచ్చి సమజ్‌గాదన్నా. మీతోని తెలుగుల మాట్లాడుతుంటే పానం లేచొచ్చినట్టున్నది," అన్నాడు. ఆ మాటకు నా చెయ్యి సొరుగు మీదే ఒక క్షణం ఆగింది. అప్పుడు నాకు బక్కెట్టు గుర్తొచ్చింది. పాత చెక్క తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

ప్రదర్శన రోజు పొద్దున్నే, నా డాకును తరవాత కలపొచ్చని పక్కన పెట్టి, గోడ వైపు నుంచి మిగతా పెట్టెలు కలుపుకుంటూ వచ్చారు. అన్నిటికన్నా చివర, తలుపు దగ్గర వాడిది. ఒక లైను కలిసింది, రెండోది కలవలేదు. మూడు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. పెట్టె అటు తిప్పారు, ఇటు తిప్పారు, ఇంకొకరి పక్కన పెట్టి చూశారు. ఎక్కడా కలవలేదు. వాడు మోకాళ్ళ మీద కూర్చుని పట్టాలు వేళ్ళతో తడుముతూ, "నేనే ఎక్కడో తప్పు జేసిన," అంటున్నాడు. ఎవరి మీదా నెట్టలేదు. నేను గోడ దగ్గర నిలబడి టీ తాగుతున్నాను. నిజం చెప్పాలంటే టీ చాలా రుచిగా ఉంది.

దాదా గడియారం చూసుకున్నాడు. ఇక టైము లేదు, డాకే మళ్ళీ తలుపు దగ్గరికి తెచ్చెయ్యమన్నాడు. తెచ్చాను. పెట్టె మోస్తుంటే బరువే తెలియలేదు. నా లైన్లు పక్కవాళ్ళ లైన్లకు టక్కున కలిశాయి. వాడు తన స్టేషన్ రెండు చేతులతో ఎత్తుకుని బయటికి పోతూ నా పెట్టె పక్కన ఆగాడు. వంగి దాని అవతలి అంచు చూశాడు.

"అన్నా, ఒక్క నిమిషం," అని బల్ల మీద జాగా చేసి, తన పెట్టె నా పెట్టె అంచుకు ఆనించాడు. రెండు లైన్లూ కలిశాయి.

ఎందుకు కలిశాయో నాకు వెంటనే అర్థమైంది. ఎడం పెంచినప్పుడు అందరూ రెండు అంచులూ సరిచేసుకున్నారు. నాది ఎప్పుడూ చివరి పెట్టె కదా, తలుపు వైపు అంచుకు ఎవరూ కలిసేది లేదు కదా అని నేను ఒక్క అంచే మార్చాను. రెండోది పాత చెక్క కొలతలోనే ఉండిపోయింది. లోకం మొత్తం మీద వాడి పెట్టె కలిసే అంచు అదొక్కటే. పైగా ఇప్పుడు తలుపు పక్కన ఉన్నది వాడే.

రైలు వాడి స్టేషన్లో బయల్దేరి నా డాకులోకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అంచు పాత కొలతదని దాదా పోల్చుకున్నాడు. నా భుజం మీద చరిచి, "స్టేషన్ పక్కన డాక్! అసలు ఊళ్ళో ఉన్నట్టే! నువ్వు ఇందుకేనా వాడికి పాత చెక్క ఇచ్చింది?" అన్నాడు. వాడు నా వైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. నేను తలూపాను. ఒక అబద్ధమైనా నోటితో ఆడలేదు, తలతో ఆడాను. ఆ రెండు రోజులూ జనం తలుపు దగ్గరే గుంపులుగా ఆగి ట్యూబ్‌లైటు చూశారు. నా క్రేను దగ్గర పిల్లలు ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టి వెళ్ళారు.

పది రోజులకు వాడు దుకాణానికి వచ్చాడు. నేను ఒక పెళ్ళి ఫోటో ఫ్రేముకు మూల కోస్తున్నాను. వాడు పాత చెక్క బల్ల మీద పెట్టి, "ఇది ఇంకొన్ని దినాలు నా తాననే ఉంచుకుంట అన్నా," అన్నాడు. "ఇంకో పెట్టె జేస్తున్న. అది గూడ ఈ కొలతకే జేస్త. మిగిలినోళ్ళకు కలవకపోతే కలవకపాయె. మీ పక్కన కలుస్తది, నాకదే సాలు."

రంపం ఆపేశాను. వీడు చేసే ప్రతి పెట్టె, ఎంత బాగా చేసినా సరే, నా ఒక్కడి అంచుకు తప్ప ఎవరికీ కలవదు. నేను కోరుకున్నది ఇదే. ఇప్పుడు వాడు నా మీద అభిమానంతో తనంతట తానే చేస్తానంటున్నాడు. సొరుగు లాగి, ప్రదర్శనయ్యాక దుకాణానికి తెచ్చిపెట్టుకున్న కొత్త చెక్క తీసి, దాని పక్కన పెట్టాను.

"దీన్తోనే చెయ్యి," అన్నాను. "అందరిదీ ఇదే. నీకు పాతది కావాలనే ఇచ్చినాను. నీ పెట్టె ఎక్కడా కలవకూడదని. నా అంచు కలుస్తాదని నాకే తెలీదు."

వాడు రెండు చెక్కలూ చేతుల్లోకి తీసుకుని ఒకదాని మీద ఒకటి ఆనించాడు. గాడుల మధ్య తేడా గోటితో తడిమి చూశాడు. రోడ్డు మీద బస్సు కండక్టరు అరుస్తున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"గంత మంచిగున్నదా అన్నా, నా స్టేషను?" అన్నాడు.

రంపం పక్కన పెట్టాను. "బాగుందిరా బావూ," అన్నాను. "శానా బాగుంది. నాను సెయ్యలేనంత బాగుంది."

వాడు తలూపాడు. పాత చెక్క నా వైపు జరిపి, కొత్తది జేబులో పెట్టుకుని, "పోయొస్త," అని మెట్లు దిగాడు. ఈసారి అన్నా అని పిలవలేదు. వచ్చే ఏడు వాడి పెట్టె ఎవరి పక్కన పెట్టినా కలుస్తుంది.