చీటీలో వచ్చిన చెట్టు

పోయిన ఆదివారం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్న మా చెల్లెలి కూతురు తన ఆఫీసు పని చూపిస్తానని నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. డ్రోన్ ఒకటి నీలగిరి తోట మీద తిరిగి వచ్చిందట. తెర మీద ఏ చెట్టును తాకినా దాని ఎత్తెంత, కలప ఎంత, ఆకూ కొమ్మా కలిపి బరువెంత, అన్నీ కనబడుతున్నాయి. "ఒక్క చెట్టు కూడా కొట్టలేదు మామా," అంది గర్వంగా. బాగుందమ్మా అన్నాను గానీ, నా మనసు ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

కాడుగోడి దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఉండిన నీలగిరి తోటలు, వానకు తడిసిన ఆ ఆకుల ఘాటు వాసన నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటి తోటల్లో ఎంత కలప ఉందో అంచనా కట్టడమే నా పని. నిలబడ్డ చెట్టుకు రొమ్మెత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవచ్చు గానీ, బరువు తెలియాలంటే కొన్నింటిని కొట్టి, మాను వేరుగా, కొమ్మలు వేరుగా, ఆకులు వేరుగా తూచక తప్పదు. ఆ కొన్నింటిని బట్టే తోటంతటికీ లెక్క కట్టేవాళ్ళం. మనిషి ఇష్టానికి వదిలితే బాగున్న చెట్లనే ఎంచుకుంటాడని, చెట్ల నంబర్లు రాసిన చీటీలు తీసేవాళ్ళం. అప్పుడే చదువు ముగించుకుని వచ్చినవాణ్ణి కనుక, ఆ నియమం నాకు వేదవాక్కు.

మాకు చెట్లు కొట్టే పెద్దాయన మాలూరు వైపు వాడు, మా నాన్న ఈడు వాడు. మానును అరచేత్తో తట్టి, చెవి ఆనించి విని, ఎటు పడుతుందో ముందే చెప్పేవాడు. ఒక పొద్దున చీటీలో వచ్చిన చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"ఇది వద్దప్పా. లోపల పుచ్చుండాది, పైన బరువంతా ఒక పక్కకే ఉండాది. పక్క మాను కొడతాను."

"చీటీలో వచ్చింది మార్చకూడదు పెద్దాయనా. పుచ్చు చెట్లను వదిలేస్తే లెక్క తప్పుతుంది."

ఆయన గొడ్డలి అందుకున్నాడు. నేను చెప్పిన లెక్క నిజమే. కానీ సగం నరికేసరికి మాను నిలువునా చీలి, పడాల్సిన వైపు పడకుండా ఎగిరి ఆయన కుడి భుజం మీదికి వచ్చింది. దుంగల లారీలోనే ఆస్పత్రికి తీసుకుపోయాం. ప్రాణం దక్కింది, చెయ్యి నిలిచింది, కానీ ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు.

పనివాడి అజాగ్రత్త అని రాసెయ్యమని మా పైఅధికారి సలహా ఇచ్చాడు. రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, ఇంట్లో నా జీతం తప్ప ఆధారం లేదు. చివరికి, ఆయన వద్దన్నాడనీ, కొట్టమన్నది నేనేననీ రాశాను. నా ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి పోయింది. కొట్టేవాడు వద్దన్న చెట్టును వదిలి, కారణం రాసుకోవాలన్న మాట మాత్రం అప్పటి నుంచి మా పనిలో చేరింది.

కాగితం ఆఫీసులో ఇచ్చి, పెద్దాయన ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడిగేలోగా ఆయనే అన్నాడు.

"కోపం రాలేదంటే అబద్ధమప్పా. చానా వచ్చింది. నువ్వు నిజం రాసినావని మావాళ్ళు చెప్పినారు. కొంచెం తగ్గింది."

కొంచెమే. పూర్తిగా తగ్గిందని ఆయన ఎన్నడూ అనలేదు. చెట్లు చూసి చెప్పే పనికి రమ్మంటే మాత్రం వచ్చాడు. ఓపిక ఉన్నన్నాళ్ళు ఎడమచేత్తో మాను తట్టి చెబుతూ ఉంటే, నేను రాసుకునేవాణ్ణి.

ఆ తోటలున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. చెట్టు కొలవడానికి మనిషి దాని కింద నిలబడనక్కరలేదు, అంతకన్నా మంచి మార్పు ఏం కావాలి? ఆ మంచి కాలం మాకు కొంచెం ముందుగా వచ్చి ఉంటే ఎంత బాగుండేది అనుకుంటాను, అంతలోనే సిగ్గు వేస్తుంది. ఆ పొద్దున ఆయన చెయ్యి దెబ్బతినకుండా ఉండడానికి ఏ యంత్రమూ అక్కరలేదు, నేను ఆ ఒక్క మాట విని ఉంటే సరిపోయేది.