వెర్లా ఇంటికి రాని గిన్నెలు

అమెరికాలోని కార్బెట్ అనే చిన్న ఊళ్లో ఎవరైనా పోతే ఆ ఇంటావిడ పొయ్యి వెలిగించదు. ఊరే వండి తెచ్చిపెడుతుంది. మీగడలో ఉడికిన కోడి, చీజ్ కప్పిన బంగాళాదుంపలు, తీపి పూసి కాల్చిన పంది మాంసం, అన్నీ గాజు ట్రేలలో వచ్చి పడతాయి. తిరిగి ఇవ్వడానికి వీలుగా ట్రే అడుగున పేరు అంటించి ఉంటుంది. అందుకే భర్త డ్వేన్ గుండె ఆగి పోయిన మర్నాడు వెర్లా స్ట్రౌడ్ చేసిన మొదటి పని ఫ్రిజ్ ఖాళీ చేయడం. పాలు తప్ప అన్నీ తీసి చెత్తబుట్టలో పడేసింది. చోటు చాలదేమోనని గరాజ్‌లోని పాత ఫ్రిజ్ కూడా తుడిచి పెట్టింది.

మూడు రోజులైనా ఒక్క గిన్నె రాలేదు.

కారణం ఊరందరికీ తెలుసు, వెర్లాకూ తెలుసు. ఇనప సామాన్ల కొట్లో గల్లాపెట్టె దగ్గర పనిచేసే ఆమెను ఎన్నుకుని బడి బోర్డులో కూర్చోబెట్టింది ఈ ఊరే. బడి కప్పు కారుతోంది, తరగతుల్లో పిల్లల్లేరు. పక్కనున్న లిండేల్ బడితో కలిపేద్దామా అన్నప్పుడు బోర్డు సగానికి సగం చీలింది. కలపాలని ఆఖరున చెయ్యెత్తి తేల్చేసింది వెర్లా. పిల్లల చదువు గురించి ఎవరికీ బెంగ లేదు. పోయింది ఊరి బడి ఫుట్‌బాల్ జట్టు. శుక్రవారం సాయంత్రాలు మైదానంలో కూర్చుని లిండేల్ వాళ్లను నోరారా తిట్టుకునే సుఖం పోయింది. ఆ మాత్రం దానికే ఆమెను వెలివేసినంత పని చేశారు ఈ పెద్దమనుషులు. కుర్రతనంలో ఆ జట్టుకే ఆడిన డ్వేన్ మాత్రం ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషిని దిక్కులేనివాడిలా సాగనంపుతారా అని వెర్లా కడుపు మండిపోయింది. కోపం ఉంటే తన మీద చూపించుకోనీ. డ్వేన్ కోసం ఒక్కరైనా రావాలి.

ఇండియానా నుంచి వచ్చిన ఆడపడుచు జోలీన్ ఫ్రిజ్ తెరిచి నిర్ఘాంతపోయింది.

"ఏంటొదినా ఇది? మా అన్నయ్య పోయాడని ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదా?"

"వస్తార్లే," అని వెర్లా మొహం తిప్పుకుని సరుకుల కొట్టుకు వెళ్లింది.

అక్కడ ఎదురింటి ఆర్డిస్ క్రెస్గీ కనిపించింది. ఆర్డిస్ తల్లి పోయినప్పుడు అందరికంటే ముందు ట్రే పట్టుకెళ్లింది వెర్లాయే.

"డ్వేన్ చాలా మంచోడు, పాపం," అంది ఆర్డిస్, తోస్తున్న బండి ఆపకుండానే.

"ఆ మంచోడి ఇల్లు నీకు ఎదురే కదే. రోడ్డు దాటలేకపోయావా?"

"దాటేదాన్నే. ఆ ఇంట్లో నువ్వున్నావుగా."

వెర్లా సరుకుల బండి అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. వెర్లా పరుగున వెళ్లి తీసింది. ఎవరో కొత్తావిడ, చేతుల్లో వేడి ట్రే.

"నా పేరు టెస్ అండి. మాది లిండేల్. మా పాప ఇప్పుడు మీ ఊరి పిల్లలతోనే చదువుతోంది. మీ ఇంట్లో ఇలా అయిందని విని..."

వాసనకు వెర్లా ప్రాణం లేచొచ్చింది. అంతలో ఎదురింటి కిటికీ తెర కదిలింది. ఈ ట్రే అందుకుంటే సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది, వెర్లా లిండేల్ మనిషైపోయిందని. ఆ తర్వాత డ్వేన్ శవపేటికకు భుజం పట్టేవాడు కూడా ఉండడు.

"మా ఆయన లిండేల్ తిండి ముట్టేవాడు కాదమ్మా, పట్టుకెళ్ళు," అంది, ఎదురింటికి వినపడేలా. ఆవిడ మొహం మీదే తలుపు వేసింది.

"పక్కూరి నుంచి పనిగట్టుకుని వండి తెచ్చింది. ఆవిడేం చేసిందని?" అంది జోలీన్.

వెర్లా కిటికీ దగ్గర నిలబడి ఆర్డిస్ తలుపు కేసే చూసింది. తలుపు తెరుచుకుంది. వెర్లా గుమ్మం వైపు ఒక అడుగు వేసింది. ఆర్డిస్ మెట్లు దిగి, పోస్టు డబ్బాలో ఉత్తరాలు తీసుకుని, ఇటు చూడకుండానే లోపలికెళ్లిపోయింది.

"నువ్వూ అచ్చం వీళ్ళలాగే తయారయ్యావొదినా."

"అవనా మరి? నేనీ ఊరిదాన్ని."

"ఆ మాట వాళ్ళతో అనిపించు, చూద్దాం," అంది జోలీన్.