మారిషస్ ఆయన, ఫిజీ ఆయన

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. కాదు, రెండు. ఒకే మాటను ఇద్దరికి చెప్పాను కాబట్టి రెండనే లెక్క. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

2005 వేసవిలో మా డెట్రాయిట్ వైపు తెలుగు సభలు జరిగాయి. అప్పుడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాణ్ణి, కార్ల కంపెనీలో కొత్త ఉద్యోగం. సభల్లో వాలంటీరుని. ఒక చిన్న గది బాధ్యత నాది. మధ్యాహ్నం ఆ గదిలో ఇద్దరు మాట్లాడాలి. మారిషస్ నుంచి ఒకాయన, ఫిజీ నుంచి ఒకాయన. ఇద్దరివీ ఎప్పుడో చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్ళిన తెలుగు కుటుంబాలు. ఇద్దరూ వాళ్ళ వాళ్ళ ప్రభుత్వాల్లో వాణిజ్య శాఖ అధికారులు.

రెండు దేశాలూ చక్కెర అమ్ముకునేది యూరప్‌కే. అక్కడ ధర తగ్గించబోతున్నారు. విడివిడిగా బేరానికి వెళ్తే నష్టపోతామని, కలిసి వెళ్దామని వీళ్ళిద్దరూ ఈమెయిళ్ళలో అనుకున్నారు. చెరకు పిప్పితో కరెంటు తీయడం మారిషస్‌వాళ్ళకు బాగా తెలుసు. ఆ పని ఫిజీ మిల్లులకు నేర్పిస్తామని మారిషస్ ఆయన మాట. పైన ఫైళ్ళు కదలడం లేదట. ముందు మనం కూర్చుని తెలుగులో మాట్లాడుకుందాం, ఆ తర్వాత మంత్రులకు చెబుదాం అనుకుని అంత దూరం నుంచి వచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు.

ఆ ఉదయం మా కమిటీ పెద్దాయన పరుగున వచ్చారు. "హీరోగారు ఎర్లీగా వచ్చేశారు. డోనర్స్‌తో ఫోటోలకి నీ రూమ్ కావాలి, ఖాళీ చేయించెయ్. నువ్వూ ఒక ఫోటో దిగుదువుగానీ."

వేరే గది వెతకొచ్చు. వరండాలో రెండు కుర్చీలు వేసినా వాళ్ళకు చాలేది. కానీ వెతకబోతే నా ఫోటో పోతుంది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మారిషస్ ఆయన ముందు వచ్చారు. బళ్ళో నేర్చుకున్న పుస్తకాల తెలుగు ఆయనది.

"వారు వచ్చినారా అండి?"

"లేదండీ. ఫిజీ ఆయన రావట్లేదట. ప్రోగ్రామ్ క్యాన్సిల్ అయింది."

"అయ్యో. నాకు చెప్పి ఉండవలసినది," అని, ఆగి, "సరే," అన్నారు. కాసేపటికి వచ్చిన ఫిజీ ఆయనకూ అదే పాఠం అప్పజెప్పాను. ఇద్దరి పేర్ల బ్యాడ్జీలూ ఇవ్వకుండా నా జేబులోనే ఉంచుకున్నాను.

అక్కడితో ఆగినా నా పాపం కొంచెం చిన్నదయ్యేదేమో. భోజనాల దగ్గర చూస్తే ఇద్దరూ ఒకే లైన్లో, ఒకరి వెనక ఒకరు. ఫిజీ ఆయన ఆవకాయ గిన్నె అందించారు, మారిషస్ ఆయన తలవంచి ఏదో అన్నారు. నేను నాలుగడుగులు వేసి "ఈయనే ఆయన" అంటే సరిపోయేది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

రానివాడే ముందు సంజాయిషీ రాయాలని ఇద్దరూ ఎదురుచూశారు కాబోలు, తర్వాత మారిషస్ నుంచి కమిటీకి ఒక మెయిల్ వచ్చింది. ఫిజీ మిత్రుని మౌనం అర్థమైందని, ఇకపై ఎవరి దారి వారిదేనని. దాన్ని మొదట చూసింది నేనే. జవాబివ్వకుండా మూసేశాను.

ఆ ఇద్దరు కలిస్తే మాత్రం యూరప్ ధర తగ్గించకుండా ఉంటుందా? ఉండదనే అనుకుంటూ చాలాకాలం నిద్రపోయాను. కానీ ఒకరి పని ఒకరికి నేర్పాలని ఓడలవాళ్ళ పిల్లలు ఇద్దరు అనుకుంటే, అది జరుగుతుందో లేదో తేల్చడానికి నేనెవర్ని? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ పూజారిని నేను. ఎవరైనా ఫిజీ అంటే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. ఇంతకీ ఆ ఫోటోలో పడింది నా మోచెయ్యి ఒక్కటే.

ఈ ఏడు సభలకి మళ్ళీ ఒక గది అప్పగించారు. సరేనన్నాను. పాత మెయిళ్ళు వెతికి నంబర్లు పట్టుకున్నాను. శనివారం తెల్లవారుతుండగా మారిషస్‌కి ఫోన్ చేశాను. ఆయన రిటైరయ్యారు. ఉన్నదున్నట్టు చెప్పాను, ఫోటోతో సహా.

"నాకు ఊరగాయ అందించినది వారేనా?" అన్నారు.

"అవునండీ."

"వారి నంబరు చెప్పండి."

చెప్పాను. క్షమించానని ఆయన అనలేదు. అడిగే ముఖం నాకూ లేదు. టీ పెట్టుకుని, ధైర్యం కూడగట్టుకుని ఫిజీకి ఫోన్ చేశాను. ఎంగేజ్. అరగంట ఆగి మళ్ళీ చేశాను.

ఇంకా ఎంగేజే.