కొక్కెం ఊడలేదు

ఈ సంగతి రాసి పెట్టడానికి కారణం ఒక్కటే. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌లో మన తెలుగువాళ్ళు నలుగురు కలిసినచోట కారుకు ట్రైలర్ తగిలించే మాట వస్తే, "జాగ్రత్త, వెనకటికి ఒకాయన బిగించిన కొక్కెం దారిలో ఊడిపోయింది" అని ఇప్పటికీ ఎవరో ఒకరు అంటారు. ఆ ఒకాయన నేనే. కొక్కెం ఊడలేదు. ఆ మాట అనేవాళ్ళలో సగంమంది అప్పటికి ఈ దేశానికే రాలేదు, వాళ్ళను తప్పుపట్టను. తెలిసినవాళ్ళు చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

రెండు వేల పదహారు ప్రాంతంలో నేను ఆ ఊరి శివారులోని ఒక వర్క్‌షాపులో గెసెల్లెగా పనిచేస్తున్నాను. గెసెల్లె అంటే వృత్తి పరీక్ష నెగ్గిన పనివాడు. అతని పైన మైస్టర్ ఉంటాడు. మా మైస్టర్ హెర్ లాంగ్ చూసి సరేననకుండా ఏ బండీ గేటు దాటేది కాదు. ఆ పరీక్షకు నేను ఏ స్కూల్లోనూ చదవలేదు. ఊరి లైబ్రరీ నుంచి వాహనాల పుస్తకాలు ఒక్కొక్కటే తెచ్చుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివి, బయటి అభ్యర్థిగా కూర్చుని నెగ్గాను. ఈ మాట ఎక్కడైనా సరే చెప్పుకునేవాణ్ణి. తర్వాత అదే నా మీదికి తిరిగింది.

బ్లూకార్డు అనే ఉద్యోగ వీసా మీద ఇంజనీర్లు, మాస్టర్స్ చదవడానికి పిల్లలు గుంపులుగా దిగుతున్న కాలం. ఇల్లు మారని నెల ఉండేది కాదు వాళ్ళకు. కార్లకు ట్రైలర్ తగిలించే ఏర్పాటు కావాలని వచ్చిన పనులన్నీ హెర్ లాంగ్ నాకే ఇచ్చేవాడు. దాన్ని జర్మన్లు కుప్లుంగ్ అంటారు. మనవాళ్ళ నోట కొక్కెం అయింది. నిజానికి అది వంగిన ఇనుప మెడ మీద కూర్చున్న గుండు.

కిరణ్ వరంగల్ వాడు, ఒక కంపెనీలో ఇంజనీరు. గార్చింగ్ అనే వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగం దొరికింది. తన ఎస్‌యూవీ తెచ్చి, "అన్నా, ఒక్క ట్రిప్పుల సామానంత పోవాలె. మంచిగ బిగియ్యి" అన్నాడు.

మంచిగానే బిగించాను. ముందు వెనక బంపర్ విప్పాలి. ఇనుప అడ్డదూలం చట్రానికి ఆనేచోట తుప్పు మందూ మైనమూ గీకి శుభ్రం చేయాలి. లేకపోతే బిగింపు నాలుగు రోజులకే వదులవుతుంది. తయారీదారు చెప్పిన బలానికి టార్క్ రెంచితో బోల్టులు బిగించి, బోల్టు మీంచి దూలం మీదికి పసుపు రంగుతో ఒక గీత గీయాలి. బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. తర్వాత ట్రైలర్ దీపాలకు వైరింగు, వెనక ట్రైలర్ ఉందని కారు కంప్యూటరుకు తెలియజెప్పడం. హెర్ లాంగ్ కింద పడుకుని చూసి, వేలితో గీతలు తడిమి, బండి వదిలాడు.

అప్పగించేటప్పుడు కిరణ్‌కు తూకం సంగతి చెప్పాను. ట్రైలర్ ముక్కు గుండు మీద కొంత బరువు మోపాలి. ఎంత దాటకూడదో గుండు పక్కన రేకు మీద ఉంటుంది. అసలు మోపకపోవడం అంతకంటే ప్రమాదం. బరువైన సామాను ఇరుసు మీద, లేదా కాస్త ముందుకు పెట్టాలి. ఇంట్లో మనం ఎక్కి చూసుకునే కాటా మీద ట్రైలర్ ముక్కు ఆనిస్తే లెక్క తేలిపోతుంది. వేగం ఎనభై దాటవద్దు. తోక ఊగితే స్టీరింగుతో దిద్దబోవద్దు, గట్టిగా బ్రేకు వెయ్యి. అన్నీ విని, "సమజైంది అన్నా" అన్నాడు.

ట్రైలర్‌లోకి సామాను ఎక్కించినప్పుడు నేను అక్కడ లేను. ఆ వీధిలోనే అద్దెకుండి మెకానికల్ చదువుతున్న మౌనిక ఉంది. ఆమె చెప్పింది చెబుతాను. కిరణ్ వాషింగ్ మెషీన్‌ను నేనన్నచోటే పెట్టించాడట. అంతలో డాక్టర్ మావయ్య వచ్చారు. డెబ్బైలలో జర్మనీ వచ్చిన కృష్ణా జిల్లా ఆయన. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు.

"అదేమిట్రా, బరువంతా కాడి దగ్గర పడేశావ్! ఎద్దుల మెడలు విరగ్గొడతావా?"

"ఎద్దులేడున్నయి మావయ్యా? అన్న గట్లనే పెట్టమన్నడు."

"వాడు పుస్తకం చూసి చెప్పాడు. నేను బండి తోలి చెబుతున్నాను. కాడి తేలిగ్గా ఉండాలి. వెనక్కి జరపండి."

కాటా తెస్తాను, తూచి చూద్దామని మౌనిక అంది. "అమ్మాయ్, మెకానికల్ చదువుతున్నావు సరే, ఎద్దును ఎప్పుడైనా చూశావా?" అన్నారాయన. అందరూ నవ్వారు. మెషీన్ వెనక తలుపు దగ్గరికి పోయింది. ఆయన ట్రైలర్ ముక్కును ఒంటిచేత్తో ఎత్తి, "చూశారా, పువ్వులా ఉంది!" అన్నారట.

ఎద్దుబండి వరకు ఆయన మాట నిజమే. ఎద్దు నడకలో బండికి తోక ఊపేంత వేగం ఉండదు. ఆటోబాన్ హైవే మీద ఎనభైలో, వెనక బరువున్న ట్రైలర్ కారును తోకతో ఆడిస్తుంది. ఒక దిగుడులో అదే జరిగింది. కిరణ్ స్టీరింగుతో దిద్దబోయాడు. ట్రైలర్ అడ్డం తిరిగి పక్క కంచెను కొట్టుకుని, తన ముక్కు తానే విరగ్గొట్టుకుని విడిపోయి బోల్తాపడింది. కిరణ్ భార్య సౌజన్యకు జబ్బ ఎముక విరిగింది. సాయంత్రానికి మన వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చింది. కారు ఒకచోట, ట్రైలర్ ఒకచోట. కింద మాట: కొక్కెం ఊడింది. దాని కింద ఇంకెవరో: పుస్తకం చూసి బిగించాడట.

వర్క్‌షాపు తప్పని తేలితే నా ఉద్యోగం పోతుంది, ఈ వయసులో ఇంకొకరు తీసుకోరు. బీమా తరఫున గుట్‌ఆఖ్టర్, అంటే తప్పు ఎక్కడుందో తేల్చే నిపుణుడు, హెర్ సైడల్ వచ్చాడు. కారును పైకి లేపి నన్ను పక్కన నిలబెట్టాడు. గుండు దాని చోట ఉంది. పసుపు గీతలు గీసినవి గీసినట్టే ఉన్నాయి. సామాను ఎలా సర్దారని అడిగితే కిరణ్ గుర్తులేదన్నాడు. సౌజన్య చేతికి కట్టుతోనే వచ్చి, మెషీన్ ఎక్కణ్ణుంచి ఎక్కడికి జరిగిందో తానే చెప్పింది. బిగింపులో లోపం లేదు, సర్దడంలో ఉంది అని ఆయన తేల్చాడు.

ఆ మాట గ్రూపులో పెట్టమని కిరణ్‌ను అడిగాను. "వద్దన్నా. ఊర్ల పేరెక్కించే అన్‌మెల్డుంగ్ కాన్నుంచి ఫ్లాట్ దాన్క మావయ్యనే అన్నీ చూసిండు. ఆయన పేరు ఖరాబైతది."

"నా పేరో?"

"నీకేందన్నా, నీకు రిపోర్టు ఉన్నది కదా."

మౌనిక ఉండబట్టలేక చూసింది చూసినట్టు గ్రూపులో రాసింది. నిర్వాహకులు ఆ సందేశం తీసేశారు, ఆమెనూ తీసేశారు. ఉగాది సభలో డాక్టర్ మావయ్య అందరి ముందూ నా భుజం తట్టి, "ఇనుము కదోయ్, ఎప్పుడో విరుగుతుంది. మనసులో పెట్టుకోకు" అని నన్ను క్షమించారు.

మనవాళ్ళు కుప్లుంగ్ పనికి మా వర్క్‌షాపు గడప తొక్కడం మానేశారు. హెర్ లాంగ్ ఒకరోజు నన్ను పిలిచి, నా పని మీద తనకు అనుమానం లేదనీ, గిరాకీ మాత్రం లేదనీ చెప్పి, టైర్ల విభాగానికి మార్చాడు. టైర్లు మారుస్తూనే రిటైరయ్యాను.

నేర్చుకున్నది ఇది. బోల్టు తిరిగిందీ లేనిదీ గీత చెబుతుంది. మనుషుల్లో తప్పు ఎవరిదన్నది, ఎవరితో ఎవరికి పని ఉందన్నదాన్నిబట్టి తేలుతుంది. నాతో ఎవరికీ పెద్దగా పని లేదు.

నాకు సాయపడ్డవాళ్ళ పేర్లు రాయాలి. నా ఎదుటే ప్రతి గీతా చూసిన హెర్ సైడల్‌కు, నా బిగింపు సరైనదేనని ఆయన ముందు గట్టిగా చెప్పిన హెర్ లాంగ్‌కు, గడువు దాటిన పుస్తకాలు నా దగ్గరే ఉంచనిచ్చిన లైబ్రరీలో పనిచేసే ఫ్రావ్ బ్రిగిట్టెకు, గ్రూపు నుంచి తీసేసినా మాట మార్చుకోకుండా ఫ్రైబర్గ్‌కు చదువు మార్చుకుని వెళ్ళిన మౌనికకు, కట్టు చేతితో నిజం చెప్పిన సౌజన్యకు కృతజ్ఞతలు. మిగతావాళ్ళు అయ్యో అన్నారు.