వంటావార్పు నాడు అమ్మ తిన్న కూర

బీరకాయ చెక్కు తీస్తున్నప్పుడు లేచే పచ్చి వాసన చాలామందికి హాయిగా ఉంటుందట. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నిన్న ఉదయం కూడా కాయను నిలువుగా చీల్చి, గింజలున్న మెత్తని భాగాన్ని చెంచాతో గీకుతుంటే ఆ మంట మళ్లీ లేచింది.

నాకు పదేళ్లున్నప్పుడు మా అమ్మకు పెద్దపేగు తీసేశారు. ఏళ్ల తరబడి నెత్తురు పోయే పుండ్ల జబ్బు. చిన్నపేగు చివరను పొట్టకు కుడివైపున బయటికి తెచ్చి కుట్టి, దానిమీద ఒక సంచి అతికించారు. తిన్నది అరిగి పల్చగా ఆ సంచిలోకే వచ్చేది. కూరగాయలు మానొద్దన్నాడు డాక్టరు. కాకపోతే చెక్కు, గింజ, పీచు తీసేసి, వేలితో నొక్కితే మెదిగేదాకా ఉడికించి, కొంచెం కొంచెంగా బాగా నమిలి తినాలి. కొత్త కూర ఏదైనా ఒక్కొక్కటే మొదలుపెట్టి ఒంటికి పడుతుందో లేదో చూసుకోవాలి. నీళ్లూ ఉప్పూ ఒంట్లో తగ్గకుండా చూసుకోవాలి. మక్క గింజలు, అంటే మొక్కజొన్న, కొబ్బరి, పల్లీలు, గోరుచిక్కుడు అనే పీచున్న గోకరకాయ ఆ సన్నని దారిలో బిరడాలా ఇరుక్కుంటాయి, జాగ్రత్త అన్నాడు.

ఎల్బీనగర్ వెనక ఒక కాలనీలో, గుంటూరు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న వాళ్ల మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. మాది పోచంపల్లి పక్క మగ్గాల ఊరు. నాన్నకు సర్కారు ఆఫీసులో గుమస్తా కొలువు. మా ఇంట్లో రుతువులన్నీ అమ్మ గిన్నెలోనే మారేవి. వానాకాలం చెక్కు తీసిన సోరకాయ, చలికాలం జావలా ఉడికిన క్యారెట్, గుమ్మడికాయ, ఎండాకాలం గింజలు దులిపిన పొట్లకాయ. గుమ్మడి గింజల్ని కడిగి పిట్టగోడ మీద ఎండబెట్టి, వాటితో సరి బేసి ఆడుకునేదాన్ని. కింద ఉండే ఇంటి ఓనరు ఆంటీ మెట్ల మీద కూర్చుని, నేను కూరగాయలు గీకే పళ్లెంలోకి తొంగిచూసేది. మా చెత్తబుట్ట చూసి ఆమెకు ఎప్పుడో సంగతి అర్థమైంది. "అదిగో, రెండు గింజలు వదిలేశావమ్మాయ్, మళ్లీ గీకు" అని, ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్లిపోయేది.

నానమ్మ సంగతి వేరు. చూపు ఆనని కళ్లతో, టమాటాలను వేడినీళ్లలో వేసి పొట్టు ఒలిచి, ఒక్కో గింజా ఏరి కోడలికి చారు పెట్టింది ఆమే. దేవుని గూడు దగ్గరికి రావద్దన్నదీ ఆమే. సంచి ఉన్న ఒళ్లు ఎప్పటికీ మైలేనట. బతుకమ్మ పండుగకు తంగేడు, గునుగు, బంతి పూలు చాపనిండా పోసి, నువ్వుల పొడి, పల్లీల పొడి వాసన ఇల్లంతా ఘుమఘుమలాడుతుంటే, అమ్మ వాకిట్లో స్టూలు మీద కూర్చుని చూసేది. ఆ పల్లీలు తినొద్దని వైద్యం చెప్పింది, దానికో కారణముంది. పూలు ముట్టొద్దని ఎవరు చెప్పారు? ఏ కారణంతో? ఆ ప్రశ్న అప్పటికి నాకు అడగడం రాదు. నానమ్మ నాకు నేర్పింది ఒక్కటే.

"సంచి ముచ్చట గడప దాటొద్దు బిడ్డా. నలుగురికి తెలిస్తే మనింట్ల మంచినీళ్లు గూడ ముట్టరు."

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. నాన్న సమ్మెలో ఉన్నాడు, బడులు మూసేశారు, విజయవాడ రోడ్డు మీద మేం పిల్లలం క్రికెట్ ఆడేవాళ్లం. ఒకనాడు ఆ రోడ్డు మీదే వంటావార్పు అన్నారు. నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండుకుని, అక్కడే బారులు తీరి తినడం. ఎదురింటి యాదమ్మత్త, కుట్టుమిషను పెట్టుకుని గల్లీ అంతటికీ జాకెట్లు కుట్టే మనిషి, అమ్మను పిలవడానికి వచ్చింది. ఆడవాళ్లంతా రోడ్డు మీదుంటే నువ్వొక్కదానివి ఇంట్లో ఏం చేస్తావంది. నానమ్మకు కాదనడానికి సాకు దొరకలేదు. అమ్మ వదులుగా ఉన్న చీర వెతికి కట్టుకుంది.

మూడు రాళ్ల పొయ్యిలు, తడిసిన కట్టెల పొగ, డప్పు మోత, కళ్లలోంచి నీళ్లు, ఆ నీళ్లలోనే నవ్వులు. అమ్మ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉల్లిగడ్డలు కోసింది. పదిమందితో కలిసి ఆమె నవ్వగా వినడం ఆపరేషను తర్వాత నాకదే మొదటిసారి. మధ్యాహ్నానికి తారు రోడ్డు మీద విస్తళ్లు పరిచారు. ఎవరింట్లో ఉన్నది వాళ్లు తెచ్చి పోసిన కూర అది. గోకరకాయ, చిక్కుడు, మక్క గింజలు, పైన కొబ్బరి. కట్టెలు సరిగ్గా అంటుకోక సగమే ఉడికింది. అమ్మ పప్పన్నం తింటూ కూరను మెల్లగా విస్తరి అంచుకు జరిపింది. వడ్డిస్తున్న యాదమ్మత్త చూసింది.

"ఏంది వదినా, ఆంధ్రోళ్ల ఇంట్ల కిరాయికుంటే మా గోకరకాయ గూడ పడ్తలేదా?"

వరుసంతా నవ్వింది. పరాచికమే, విషం లేదు అందులో. కానీ ఆ రోజుల్లో తినడమంటే మనవాళ్లమని చెప్పడం. తినకపోవడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. అమ్మ నా వైపు చూసింది. విస్తట్లో ఉన్న ప్రతి ముక్కా ఆమె పొట్టలో ఏం చేస్తుందో ఆ రోడ్డు మీద నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అమ్మకు ఇది పడదని అంటే సరిపోయేది. ఎందుకని అడుగుతారు. గడప అడ్డమొచ్చింది. నేను తల వంచుకుని నా ముద్ద కలుపుకున్నాను. అమ్మ తిన్నది. మారు వడ్డిస్తే అదీ తిన్నది.

పొద్దు వాలేసరికి సంచి ఖాళీగా ఉంది, పొట్ట మాత్రం రాయిలా బిగిసింది. తర్వాత వాంతులు. బండి మీద కూర్చోబెట్టలేక నాన్న చేతులు నలుపుకుంటుంటే, ఆంధ్రావాళ్లమన్న భయంతో మూడు రోజులుగా గేటు తీయని కింద ఓనరు అంకుల్ కారు బయటికి తీశాడు. కూడలి దగ్గర కుర్రవాళ్లు అడ్డుకున్నారు. వెనక సీట్లో అమ్మ ముఖం చూసి వాళ్లే రాళ్లు జరిపి, దిల్‌సుఖ్‌నగర్ దాకా బండ్ల మీద ముందు సాగి దారి చేశారు. మలక్‌పేటలో దవాఖానలో చేర్చాం. ముక్కులోంచి గొట్టం వేశారు. మూడో రోజుకు గానీ అడ్డు తొలగలేదు.

అప్పుడు నానమ్మ అంది, మైలతోని పదిమందిలో కూర్చుంటే దేవుడు ఊకుంటాడా అని. ఆ తెగింపు నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

"దేవుడు గాదు నానమ్మా, మక్క గింజలు."

ఆమె చెయ్యి లేచింది. గొట్టంతోనే అమ్మ గొంతు వినిపించింది. "కొట్టకు అత్తమ్మా. నిజమే చెప్పింది."

పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చిన యాదమ్మత్తకు అమ్మ దుప్పటి తీసి తానే సంచి చూపించింది. ఆమె మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. ఒక్క మాట ముందే చెప్పొద్దా వదినా అంది. ఆ రోజు, పదకొండేళ్ల నా బుర్రకు, నిజం చెబితే అన్నీ చక్కబడతాయనిపించింది.

చక్కబడలేదు. రాష్ట్రం వచ్చిన నాడు గల్లీలో శామియానా వేసి బంతి భోజనాలు పెట్టారు. అమ్మను ఎవరూ పిలవలేదు. మెత్తగా కలిపిన పప్పన్నం స్టీలు డబ్బాలో పెట్టి యాదమ్మత్తే మేడ మీదికి తెచ్చి, ప్రేమగా, "నువ్వు రాకు వదినా, పరేషాన్ అయితవ్" అని చెప్పి దిగిపోయింది. దేవుని గూడు నుంచి మైల పేరుతో నెట్టారు, బంతి నుంచి జాలి పేరుతో నెట్టారు. గోడవైపు తిరిగి ఒంటరిగా తినే మనిషికి ఈ రెంటికీ తేడా ఏమిటో చెప్పమని పెద్దయ్యాక నేను మాట్లాడిన ఎన్నో వేదికల మీద అడిగాను. ఒక ప్రాంతమంతటికీ ఆత్మగౌరవం కావాలని గొంతు చించుకున్న గల్లీ, ఒక మనిషికి ఒక విస్తరి వేసి, అందులో మెత్తని సోరకాయ వడ్డించలేకపోయింది.

ఇప్పుడు మీర్‌పేట్‌లో ఉంటున్నాం. నానమ్మ లేదు. గుంటూరు వాళ్లు ఇల్లు అమ్ముకుని ఎటో వెళ్లారు. పొయ్యిలు పెట్టిన రోడ్డు మీద ఫ్లైఓవర్ నీడ పడుతోంది. పెళ్లిళ్లన్నీ ఫంక్షన్ హాళ్లలో, భోజనాలన్నీ బఫేలు. అమ్మ పళ్లెంలో కాస్త అన్నం, పప్పు పెట్టుకుని స్తంభం పక్కన నిలబడి తింటుంది. ఇదే నయమే, ఎవ్వరూ చూడరు అంటుంది. నిజమే. తినకపోతే ఎందుకు తినట్లేదని ఆటపట్టించేంత దగ్గరగా ఆమె పక్కన ఇప్పుడు ఎవరూ లేరు.